‘రిఫిఫి’ చిత్రంలో దొంగల కట్టుబాట్లు, ప్రతీకారం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రాన్సులో 1955లో విడుదలైన ‘రిఫిఫి’ గురించి ఎవరు మాట్లాడినా ముందుగా ప్రస్తావించేది అందులో దాదాపు అరగంటసేపు ఒక్క మాటైనా లేకుండా సాగే దోపిడీ ఘట్టాన్నే. ఆ పేరు దానికి రావలసిందే. అయితే సొత్తు చేతికి వచ్చిన తరువాత నడిచే కథలోనే ఈ చిత్రం అసలు బలం ఉన్నదని మా అభిప్రాయం. దొంగలు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు ఎవరిని కాపాడుతుంది, ఎవరిని బలి తీసుకుంటుంది అన్న ప్రశ్నను ఇంత నిక్కచ్చిగా అడిగిన దోపిడీ చిత్రాలు తక్కువ. ఆ భాగాన్ని గురించి ప్రేక్షకులకు సాధారణంగా కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ముగింపుతో సహా కథలోని మలుపులన్నీ చర్చకు వస్తాయి కనుక, చిత్రం చూడదలచినవారు చూసిన తరువాత చదవడం మంచిది.

కథ క్లుప్తంగా ఏమిటి?

నగల దొంగతనం కేసులో ఐదేళ్లు జైల్లో ఉండి వచ్చిన టోనీ పారిస్‌లో పేకాట బల్లల చుట్టూ తిరుగుతూ, దగ్గుతో బాధపడుతూ, చేతిలో చిల్లిగవ్వ లేని స్థితిలో ఉంటాడు. అతని పాత సహచరుడు జో, ఇటలీ నుంచి వచ్చి స్థిరపడిన మారియో కలిసి మ్యాపిన్ అండ్ వెబ్ అనే నగల దుకాణం అద్దాలు పగలగొట్టి అందినంత పట్టుకుపోదామని ప్రతిపాదిస్తారు. మొదట కాదన్న టోనీ ఆ తరువాత ఒప్పుకుంటాడు కాని, అద్దాల వెనుక ఉన్న నగలు తనకు అక్కరలేదని, కొడితే లోపలి ఇనప్పెట్టెనే కొట్టాలని అంటాడు. ఇనప్పెట్టెలు తెరవడంలో ఆరితేరిన సెజార్‌ను మారియో మిలాన్ నుంచి పిలిపిస్తాడు. దోపిడీ చక్కగా ముగుస్తుంది, 24 కోట్ల ఫ్రాంకుల విలువైన నగలు వారి చేతికి వస్తాయి. ఆ సంగతి పియర్ గ్రుటర్ అనే నైట్‌క్లబ్ యజమానికి తెలిసిన క్షణం నుంచి కథ దోపిడీ మాట మరచి పగల దారి పడుతుంది. చివరికి నలుగురు దొంగలలో ఒక్కడు కూడా ప్రాణాలతో మిగలడు. గ్రుటర్, అతని మనుషులు రెమీ, లూయీ కూడా చస్తారు.

ఈ దొంగలకు ఉన్న కట్టుబాట్లు ఏమిటి? చిత్రంలో వాటిని ఎక్కడైనా వివరంగా చెబుతారా?

ఎక్కడా జాబితాగా చెప్పరు. నియమం ఉన్నదన్న సంగతి దాన్ని పాటించినప్పుడో, తప్పినప్పుడో మాత్రమే ప్రేక్షకుడికి తెలుస్తుంది. టోనీ జైలుకు వెళ్లినది జో పేరు బయటపెట్టకుండా నేరం మొత్తాన్ని తన మీద వేసుకున్నందుకే. ఆ ఐదేళ్ల గురించి అతడు జో దగ్గర ఒక్కసారి కూడా ఎత్తిపొడుపుగా మాట్లాడడు. జో తన కొడుక్కి టోనియో అని పేరు పెట్టి, టోనీని ఆ పిల్లవాడికి జ్ఞానపితగా, అంటే క్రైస్తవ ఆచారం ప్రకారం బాప్తిస్మం నాడు బిడ్డ బాధ్యత తీసుకునే పెద్దగా నిలబెట్టి ఆ రుణాన్ని తనకు చేతనైన తీరులో తీర్చుకుంటాడు. పట్టుబడినవాడు తోటివారి పేరు చెప్పకూడదు, బయట ఉన్నవాడు లోపలికి వెళ్లినవాడిని మరచిపోకూడదు, సొత్తులో ఎవరి వాటా వారికి అందాలి, పంపకం కాకముందు ఎవరూ అందులో చెయ్యి పెట్టకూడదు. ఇంతకు మించి ఈ ముఠాకు వేరే ధర్మశాస్త్రమేమీ లేదు.

చిత్రం మొదలయ్యేదే పేకాట బల్ల దగ్గర. టోనీ డబ్బు అయిపోతుంది. అప్పు మీద ఇంకొక్క ఆట వేయనివ్వమంటే కూర్చున్నవాళ్లు ససేమిరా అంటారు. ఒకప్పుడు పేరు వింటేనే లేచి నిలబడిన మనిషికి ఇప్పుడు చేతిలో నోటు ఉంటేనే ముక్కలు పడతాయి. కబురు అందుకున్న జో డబ్బు పట్టుకుని వచ్చి, బల్ల చుట్టూ ఉన్నవారి తీరు చూసి మండిపడతాడు. నేరలోకం మొత్తానికి ఒకే కట్టుబాటు ఉంటుందని ఎవరైనా భ్రమపడితే ఈ మొదటి దృశ్యమే దాన్ని పోగొడుతుంది. కట్టుబాటు ఉన్నది ఆ ముగ్గురు నలుగురి మధ్య మాత్రమే.

అటువంటి కట్టుబాటును నీతి అనవచ్చా?

మా ఉద్దేశంలో అది ఒకరికొకరు ఇచ్చుకున్న పూచీకత్తు, అంతే. మన సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో చారుదత్తుడి ఇంటికి కన్నం వేసే శర్విలకుడు గుర్తున్నవారికి తేడా సులభంగా తెలుస్తుంది. కాల్చిన ఇటుక గోడకు పూర్ణకుంభం ఆకారంలో కన్నం వేయడమే తగినదని శాస్త్రం మాట్లాడే ఆ దొంగ, తాను ఆడవారి ఒంటి మీది నగలను గాని, దాది ఒడిలోని పిల్లవాడిని గాని ముట్టనని తన ప్రేయసి దగ్గర చెప్పుకుంటాడు. అతని నియమాలు సొత్తు పోగొట్టుకునేవారిని ఉద్దేశించినవి. ‘రిఫిఫి’ దొంగల నియమాలు సొత్తు పంచుకునేవారిని ఉద్దేశించినవి. ఎవరి నగలు పోయాయి, ఎవరు నష్టపోయారు అన్న ఆలోచన ఈ చిత్రంలో ఏ దొంగకూ రాదు. దుకాణం పై అంతస్తు ఫ్లాటులో ఉన్న కాపలా దంపతులను కొట్టి చంపకుండా కట్టి పడేయడంలో కూడా దయకన్నా పనితనమే ఎక్కువ కనిపిస్తుంది.

అయినా ఆ పూచీకత్తులో నీతి ఛాయ అసలు లేదని అనలేము. మాట ఇచ్చినందుకు ప్రాణం పోగొట్టుకునే మనిషిని చూసినప్పుడు, ఆ మాట దేని కోసం ఇచ్చాడన్నది కాసేపు మరచిపోతాము. దర్శకుడు ప్రేక్షకుడిని పదేపదే ఆ స్థితిలోకి తోసి, వెంటనే అందులోంచి బయటకు లాగుతాడు.

టోనీ మాడోను బెల్టుతో కొట్టే దృశ్యం ఎందుకు పెట్టారు? అది కూడా కట్టుబాటులో భాగమేనా?

చాలామందిని ఇబ్బంది పెట్టే దృశ్యం ఇది, పెట్టాలి కూడా. టోనీ జైల్లో ఉండగా అతని ప్రేయసి మాడో గ్రుటర్ పంచన చేరుతుంది. విడుదలైన టోనీ ఆమెను తన గదికి తీసుకువెళ్లి, ఒంటి మీది నగలు, బొచ్చుకోటు ఒక్కొక్కటిగా తీయించి, బెల్టుతో కొట్టి తరిమేస్తాడు. తాను లోపల ఉన్నంతకాలం బయటివారు తనకు కట్టుబడి ఉండాలన్న నియమాన్ని అతడు ఆమెకూ వర్తింపజేశాడన్న మాట. ఆ నియమానికి ఆమె ఎన్నడు ఒప్పుకున్నది అని అడిగేవారు ఆ గదిలో లేరు.

దోపిడీకి మొదట కాదన్న మనిషి ఔననడం ఈ సంఘటన తరువాతే జరుగుతుంది. టోనీని పెద్దమనిషి తరహా దొంగగా ఊహించుకోవడానికి సిద్ధపడ్డ ప్రేక్షకుడికి దర్శకుడు అంత తొందరగా ఆ వెసులుబాటు ఇవ్వడు. ఆ తరువాత, తనను అలా అవమానించినవాడికే మాడో సాయపడుతుంది. గ్రుటర్ మనుషులు అపహరించిన జో కొడుకు టోనియో జాడ టోనీకి ఆమె ద్వారానే దొరుకుతుంది. ఆ సాయానికి ఆమెను కట్టి ఉంచే నియమమేదీ లేదు కనుక, చిత్రం మొత్తంలో నిర్బంధం లేకుండా జరిగిన మంచిపని అదొక్కటేనేమో అనిపిస్తుంది.

దోపిడీ ఘట్టంలో మాటలు, సంగీతం ఎందుకు లేవు?

కథ ప్రకారం కారణం సులువైనది. దుకాణంలో చిన్న కదలికకు, చప్పుడుకు మోగే అలారం ఉంది. అందువల్ల వారు పై అంతస్తులోని ఫ్లాటులోకి చొరబడి, నేలకు చిన్న రంధ్రం చేసి, ముడిచిన గొడుగును ఆ రంధ్రంలోంచి కిందికి దించి విప్పుతారు. ఆ తరువాత రాలే పెచ్చులూ సున్నమూ గొడుగులోనే పడతాయి, కింది నేలకు తగలవు. మంటలార్పే యంత్రంలోని నురుగు కొట్టి అలారం నోరు మూయిస్తారు. ఇనప్పెట్టెను వాల్చి వెనుక రేకును కోస్తారు. ఇదంతా సైగలతోనే నడుస్తుంది.

సంగీత దర్శకుడు జార్జ్ ఓరిక్ ఈ ఘట్టానికి సంగీతం కూర్చే తీరుతానని పట్టుపట్టి కూర్చాడు. దర్శకుడు జూల్స్ దాసిన్ ఆ ఘట్టాన్ని ఒకసారి సంగీతంతో, ఒకసారి సంగీతం లేకుండా ఆయనకు చూపించగా, సంగీతం వద్దని ఓరికే అన్నాడు.

కట్టుబాటుతో దీనికి ఉన్న సంబంధం మరొకటి. ఈ అరగంటలో నలుగురూ ఒకరిని ఒకరు పూర్తిగా నమ్ముతారు. ఒకడి చెయ్యి చాచేసరికి రెండోవాడు పనిముట్టు అందిస్తాడు. మాట అవసరమే రాదు. తెల్లవారిన తరువాత మొదలయ్యే మాటలే వారిని ముంచుతాయి.

సెజార్ చేసిన తప్పు ఏది? ఉంగరం తీసుకోవడమా, పేరు చెప్పడమా?

రెండూ తప్పులే గాని వాటి బరువు వేరు. దోపిడీలో దొరికిన ఒక వజ్రపు ఉంగరాన్ని సెజార్ తోటివారికి తెలియకుండా జేబులో వేసుకుని, గ్రుటర్ క్లబ్బులో పాటలు పాడే వివియాన్‌కు కానుకగా ఇస్తాడు. ఆ ఉంగరం గ్రుటర్ కంట పడుతుంది. ఊరంతా మారుమోగిన దొంగతనం ఎవరిదో అతడికి ఆ ఒక్క రాయితో తేలిపోతుంది. ఇంటి గుట్టు లంకకు చేటు అన్న సామెతకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకదు. అయితే ఇక్కడ గుట్టు బయటపడింది ద్వేషంతో కాదు, ఒక ఆడమనిషి ముందు గొప్పగా కనిపించాలన్న చిన్న సరదాతో.

ఆ తరువాత గ్రుటర్ మనుషులు సెజార్‌ను పట్టుకుని బెదిరిస్తే అతడు మారియో పేరు చెప్పేస్తాడు. మొదటిది చేతివాటం. టోనీ దాన్ని తిట్టి వదిలేసి ఉండేవాడేమో. రెండోది భయం వల్ల జరిగినది, కాని దాని ఫలితంగా రెండు ప్రాణాలు పోతాయి. దొంగల కట్టుబాటు ఉద్దేశాన్ని చూడదు, ఫలితాన్నే చూస్తుంది. న్యాయస్థానంలో అయితే ప్రాణభయంతో చెప్పిన మాటకు ఎంతో కొంత మినహాయింపు దొరికేది.

టోనీ సెజార్‌ను చంపక తప్పదా?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, దీనికే కాస్త నిదానంగా సమాధానం చెప్పాలి.

మారియో చనిపోయాడని తెలిసిన తరువాత గ్రుటర్‌ను వెతుక్కుంటూ క్లబ్బుకు వెళ్లిన టోనీకి, వేదిక వెనుక అలంకరణ సామగ్రి మధ్య కట్టివేయబడి ఉన్న సెజార్ కనిపిస్తాడు. అతణ్ణి విడిపించడానికి వచ్చినవాడిలా దగ్గరకు వెళ్లిన టోనీకి నిజం తెలుస్తుంది. సెజార్ దాచడు, తాను భయపడ్డానని ఒప్పుకుంటాడు. నువ్వంటే నాకు ఇష్టం, నిజంగానే ఇష్టం, కాని నియమాలు నీకూ తెలుసు కదా అన్న అర్థంలో టోనీ అంటాడు. సెజార్ వాదించడు. తనకూ తెలుసన్నట్టు ఒప్పుకుంటాడు. టోనీ ఒక్కొక్క అడుగూ వెనక్కి వేస్తూ పోతుంటే కెమెరా కూడా సెజార్ నుంచి అలాగే దూరం జరుగుతుంది. ఆ తరువాత తుపాకీ పేలుతుంది.

ఆచరణ లెక్కల్లో చూస్తే ఈ హత్య వల్ల టోనీకి ఏ లాభమూ లేదు. సెజార్ చెప్పగలిగినదంతా అప్పటికే చెప్పేశాడు. మారియో తిరిగి రాడు. పైగా కట్టు విప్పి వెంట తీసుకువెళితే గ్రుటర్ మీదికి వెళ్లడానికి ఇంకొక మనిషి తోడయ్యేవాడు. కాబట్టి ఇది జాగ్రత్త కోసం చేసిన హత్య అని అనలేము. కోపంతో చేసినదని కూడా అనలేము, టోనీ మొహంలో కోపం కనిపించదు. నటుడు జాన్ సెర్వే అలసిపోయిన కళ్లతో, చేయక తప్పని పని ముగించుకునే గుమాస్తాలా దాన్ని చేస్తాడు.

మరి ఎందుకు చంపాడు? నియమం తప్పినవాడిని వదిలేస్తే, ఆ నియమం కోసం తాను జైల్లో పోగొట్టుకున్న ఐదేళ్లకు అర్థం ఏమిటి అన్న ప్రశ్న టోనీ ముందు నిలబడుతుంది. జో పేరు చెప్పి ఉంటే అతడు ఆ ఐదేళ్లలో కొన్నయినా తప్పించుకునేవాడు, ఆరోగ్యం ఇంతగా చెడిపోయేది కాదు, మాడో దూరమయ్యేది కాదు. సెజార్‌ను క్షమించడమంటే తన త్యాగం తెలివితక్కువతనమని ఒప్పుకోవడమే అవుతుంది. అతడు తన గతాన్ని కాపాడుకోవడానికి సెజార్‌ను చంపాడని మేము అనుకుంటాము. ఈ మాట చిత్రంలో ఎవరూ అనరు, అయినా టోనీ వెనక్కి నడిచే ఆ కొద్ది అడుగుల్లో అది ఉన్నది.

మరొక సంగతిని కూడా గమనించాలి. ఈ కట్టుబాటు కింద శిక్ష పడినది ఒక్క సెజార్‌కే. అందరిలోకీ భయస్తుడు, ఆ ఊరికి పరాయివాడు, చేతులు కట్టేసి ఉన్నవాడు అతడే.

దర్శకుడే సెజార్ పాత్ర ఎందుకు వేశాడు?

ఆ పాత్రకు ముందుగా అనుకున్న ఇటలీ నటుడు అందుబాటులోకి రాకపోవడం వల్ల దాసిన్ పెర్లో వీటా అన్న మారుపేరుతో తానే నటించాడు. కారణం అంతవరకే అయినా, దాని ఫలితం మాత్రం యాదృచ్ఛికమని కొట్టిపారేయలేనిది.

దాసిన్ 1911లో అమెరికాలో పుట్టాడు. 1940ల చివరలో హాలీవుడ్‌లో మంచి నేరచిత్రాలు తీసి పేరు తెచ్చుకున్నాడు. కమ్యూనిస్టులని అనుమానం ఉన్నవారిని అమెరికా కాంగ్రెస్ కమిటీ పిలిచి విచారిస్తున్న ఆ కాలంలో, తోటివారి పేర్లు చెబితేనే పని దొరుకుతుందన్న పరిస్థితి ఏర్పడింది. 1951లో దర్శకుడు ఎడ్వర్డ్ డిమిట్రిక్ కమిటీ ముందు దాసిన్ పేరు చెప్పాడు. అంతకుముందు అదే కమిటీకి సమాధానం చెప్పనని నిరాకరించి జైలుకు వెళ్లివచ్చిన పదిమందిలో డిమిట్రిక్ ఒకడు. దాసిన్‌కు అమెరికాలో పని పోయింది. యూరప్ వచ్చినా అమెరికా పంపిణీదారుల ఒత్తిడి వెంటాడింది. అలా కొన్నేళ్లు ఖాళీగా గడిపిన తరువాత, చిన్న బడ్జెట్‌తో, పెద్ద తారలెవరూ లేకుండా తీసినది ‘రిఫిఫి’.

పేర్లు చెప్పడం వల్ల జీవితం తలకిందులైన మనిషి, పేరు చెప్పినవాడి పాత్ర వేసి, ఆ పాత్రను చంపే దృశ్యాన్ని తానే తీశాడు. ఆ దృశ్యం తీసేటప్పుడు కమ్యూనిస్టుల వేట సాగిన ఆ మెకార్తీ కాలంలో స్నేహితులను పట్టించిన తన స్నేహితులే మనసులో మెదిలారని దాసిన్ తరువాతి కాలంలో చెప్పాడు. అయినా ఆయన సెజార్‌ను నీచుడిగా చూపలేదు. నవ్వించే మనిషిగా, పనిలో గట్టివాడిగా, ఆఖరికి భయపడిన మామూలు మనిషిగా చూపాడు. పగ తీర్చుకోవడమే ఉద్దేశమైతే సెజార్‌ను ప్రేక్షకులు అసహ్యించుకునేలా తీర్చిదిద్దడం ఆయనకు చిటికెలో పని.

మారియో, అతని భార్య ఇడాల మరణాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

నగలు ఎక్కడ ఉన్నాయో చెప్పమని గ్రుటర్ మనుషులు ఇద్దరినీ చిత్రహింస పెడతారు. ఇద్దరూ చెప్పరు, ఇద్దరినీ చంపుతారు. మారియో ముఠా మనిషి కనుక అతని మౌనానికి కట్టుబాటు కారణమని అనుకోవచ్చు. ఇడా ఏ ఒప్పందంలోనూ లేదు. ఆమె కన్నం వేయలేదు, ఆమెకు ప్రత్యేకంగా వాటా లేదు, ఆమె నోరు విప్పి ఉంటే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. దొంగల నియమాన్ని చిత్రంలో అందరికన్నా గట్టిగా నిలబెట్టినది దొంగ కాని మనిషే.

మారియోకు టోనీ తన పేరు బయటపడకుండా డబ్బు కట్టి ఘనంగా అంత్యక్రియలు జరిపిస్తాడు. చనిపోయినవాడికి మర్యాద చేయడం కూడా వారి కట్టుబాటులో ఒకటే. గ్రుటర్ మనుషులు వెతికి దొరక్క వదిలేసిన నగలను మారియో ఇంటి నుంచే టోనీ తీసుకువెళతాడన్న సంగతిని ఆ అంత్యక్రియల పక్కన పెట్టి చూడాలి.

గ్రుటర్ ముఠాకు ఏ కట్టుబాటూ లేదా?

దొంగల ఆచూకీ చెప్పినవారికి కోటి ఫ్రాంకుల పారితోషికం ప్రకటించినా గ్రుటర్ పోలీసుల దగ్గరకు వెళ్లడు. పైకి చూస్తే అతడు కూడా పోలీసులకు పేర్లు చెప్పకూడదన్న నియమాన్ని పాటించినట్టే. లోపలి లెక్క వేరు. 24 కోట్లు కళ్లముందు ఉన్నప్పుడు కోటి తీసుకుని సరిపెట్టుకునే మనిషి కాడు అతడు. ఒకే పని ఒకడు మాట కోసం చేస్తాడు, మరొకడు లాభం కోసం చేస్తాడు. బయటినుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

టోనీకీ గ్రుటర్‌కీ మధ్య దర్శకుడు గీసిన గీత మరీ లావుగా లేదు. మాడో ఒంటి మీది దెబ్బలు ఆ గీతను ఇంకా పలచన చేస్తాయి.

జో డబ్బు తీసుకుని తానే వెళ్లడం తెలివితక్కువ పని కాదా?

ఐదేళ్ల కొడుకు టోనియో గ్రుటర్ చేతిలో ఉన్నాడు, వదలాలంటే నగలు అమ్మగా వచ్చిన డబ్బు ఇమ్మంటున్నాడు. డబ్బు ఇచ్చినా వాళ్లు పిల్లవాడిని వదలరని, బలప్రయోగం తప్ప దారి లేదని టోనీ చెప్పి వెళతాడు. ఫోను దగ్గర కూర్చున్న తండ్రికి ఆ ఓపిక చివరిదాకా నిలవలేదు. సాన్ రెమీ లె షెవ్రోజ్ ఊరి దగ్గరి ఇంట్లో టోనీ కాపలా ఉన్న రెమీని, లూయీని చంపి పిల్లవాడిని విడిపించి, దారిలో ఫోను చేసేసరికి జో డబ్బుతో అక్కడికే బయలుదేరాడని తెలుస్తుంది. జో చేరగానే గ్రుటర్, నీ కొడుకును టోనీ అప్పుడే తీసుకుపోయాడు అని చెప్పి మరీ కాల్చి చంపుతాడు.

దీన్ని తెలివితక్కువ అనడం మాకు ఇష్టం లేదు. టోనీ అంచనా సరైనదే, జో భయం కూడా సహజమైనదే. సహచరుడి మాట మీద నమ్మకం ఉంచాలన్న నియమం, కన్నబిడ్డ ప్రాణం ముందు నిలబడలేకపోయింది. సెజార్ తన ప్రాణభయంతో నియమం తప్పాడు, జో బిడ్డ మీది భయంతో తప్పాడు. మొదటివాడిని మనం తప్పుపట్టి రెండోవాడి మీద జాలిపడితే, ఆ తేడా మన మనసులోదే గాని కట్టుబాటులోది కాదు.

టోనీ చివర్లో చేసినది ప్రతీకారమేనా?

గ్రుటర్‌ను చంపడం వరకు అది ప్రతీకారమే. డబ్బుతో పారిపోబోతున్న గ్రుటర్‌ను టోనీ కాల్చి చంపుతాడు, తానూ తూటా తిని ప్రాణాంతకంగా గాయపడతాడు. అక్కడితో పగ తీరింది. చిత్రం మాత్రం అక్కడ ఆగదు. రక్తం కారుతూ ఉండగా అతడు పై కప్పు లేని కారులో పిల్లవాడిని కూర్చోబెట్టుకుని పారిస్ వైపు దూసుకుపోతాడు. చెట్లు, ఆకాశం, వీధులు కళ్లముందు గిరగిర తిరిగిపోతాయి. కౌబాయ్ వేషంలో ఉన్న టోనియోకు ఇదంతా ఆటగా ఉంటుంది. సీటు మీద గెంతుతూ బొమ్మ తుపాకీని అటూ ఇటూ గురిపెడుతుంటాడు. పక్కన నిజమైన తుపాకీ దెబ్బ తిన్న మనిషి చక్రం మీదికి వాలిపోతుంటాడు.

ఈ ప్రయాణంలో టోనీకి దక్కేదేమీ లేదు. డబ్బు అక్కరలేదు, పారిపోయే ఆలోచన లేదు, వైద్యుడి కోసం ఆగడు. జో మీద అతడికి ఉన్నది అప్పో, స్నేహమో, జ్ఞానపితగా ఇచ్చిన మాటో, అది అతడిని ఇంటి గుమ్మం దాకా నడిపిస్తుంది. బొమ్మ తుపాకీని దర్శకుడు ఊరికే పెట్టలేదు. ఆ పిల్లవాడు ఎవరిని చూసి పెరుగుతున్నాడో చెప్పడానికి అది చాలు.

జో భార్య లూయీజ్ మాటలకు అంత ప్రాధాన్యం ఎందుకు ఇస్తారు?

కొడుకు అపహరణ తరువాత ఆమె భర్తను నిలదీస్తుంది. నీలాగే పేదరికంలో పెరిగిన పిల్లలు లక్షల్లో ఉన్నారు, వాళ్లంతా దొంగలు కాలేదు, నిజానికి గట్టివాళ్లు వాళ్లే గాని నువ్వు కాదు అన్న భావం వచ్చేలా మాట్లాడుతుంది. దొంగల కట్టుబాటును మొత్తంగా బయటినుంచి ప్రశ్నించే గొంతు ఇదొక్కటే. మిగిలిన పాత్రలన్నీ నియమం పాటించాలా, తప్పాలా అని ఆలోచిస్తే, ఆ నియమం అవసరమయ్యే బతుకు ఎందుకు ఎంచుకున్నావని ఆమె అడుగుతుంది. జో దగ్గర సమాధానం లేదు. చిత్రం కూడా ఆమెకు ఎదురు చెప్పే ప్రయత్నం చేయదు.

చివరికి డబ్బు ఎవరికి దక్కింది?

ఎవరికీ దక్కలేదు. లండన్ నుంచి వచ్చిన దొంగసొత్తు వ్యాపారి ఇచ్చిన 12 కోట్ల ఫ్రాంకుల పెట్టె టోనీ శవం పక్కన కారులోనే ఉండిపోతుంది. లూయీజ్ పిల్లవాడిని ఎత్తుకుంటుంది, పెట్టె జోలికి పోదు. పోలీసులూ దారిన పోయేవాళ్లూ చుట్టూ మూగుతారు.

నవలకూ చిత్రానికీ తేడా ఉందా?

చాలా ఉంది. ఒగుస్త్ ల బ్రెతాన్ రాసిన నేరనవల దీనికి ఆధారం. దాసిన్‌కు ఆ నవల నచ్చలేదు, పని అవసరం కనుక ఒప్పుకున్నాడు. నవలలో కొద్ది చోటు మాత్రమే ఉన్న దోపిడీని చిత్రానికి నడిబొడ్డున నిలబెట్టాడు. నవలలో ప్రత్యర్థి ముఠా ఉత్తర ఆఫ్రికా వాళ్లది. దాసిన్ ఆ జాతి ముద్ర తీసేశాడు. తాను చదివిన వాటిలోకెల్లా నాసిరకం నేరనవల నుంచి తాను చూసిన వాటిలోకెల్లా గొప్ప నేరచిత్రం వచ్చిందని అప్పటి విమర్శకుడు ఫ్రాంస్వా త్రుఫో రాశాడు. నవలా రచయిత పట్ల అది కొంచెం కటువైన మాటే. చిత్రానికి 1955 కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ దర్శకత్వ బహుమతి వచ్చింది, మరొక దర్శకుడితో కలిపి.

తరువాతి కాలపు దోపిడీ చిత్రాలలో ఇదే తరహా కట్టుబాటు కనిపిస్తుందా?

కనిపిస్తుంది, కాని తీరు మారుతుంది. అమెరికాలో 1995లో వచ్చిన ‘హీట్’ను దీని పక్కన పెట్టి చూడవచ్చు. అందులో రాబర్ట్ డి నీరో వేసిన నీల్ మెకాలీకి ఒకే నియమం. పోలీసు వాసన తగిలితే ముప్పై సెకన్లలో వదిలి వెళ్లలేని బంధమేదీ పెట్టుకోకూడదు. ఆ నియమం తోటివారి కోసం పెట్టుకున్నది కాదు, ఎవరికి వారు తప్పించుకోవడానికి పెట్టుకున్నది. అయితే ముఠాకు ద్రోహం చేసిన వేన్‌గ్రో ఎక్కడ ఉన్నాడో తెలియగానే, ప్రియురాలితో విమానాశ్రయానికి వెళ్తున్నవాడు కారు తిప్పి, వేన్‌గ్రోను చంపి, ఆ ఆలస్యానికి ప్రాణంతో మూల్యం చెల్లిస్తాడు. అక్కడ పగ నియమాన్ని ఓడిస్తుంది. ‘రిఫిఫి’లో సెజార్ విషయంలో నియమమే పగ రూపం ఎత్తుతుంది. టోనీకి కారు తిప్పుకుని వెళ్లగలిగిన విమానాశ్రయమంటూ మొదటినుంచీ లేదు.

ఈ చిత్రాన్ని పిల్లలతో కలిసి చూడవచ్చా?

మేము వద్దనే అంటాము. నెత్తురు తెర మీద తక్కువే కనిపిస్తుంది. హింసలో ఎక్కువ భాగం తెర అవతలే జరుగుతుంది. మాడోను కొట్టే దృశ్యం, మత్తుమందుకు బానిసైన రెమీ వ్యవహారం, పిల్లవాడి అపహరణ మాత్రం చిన్నపిల్లలకు తగినవి కావు. కాలేజీ వయసు వచ్చినవారితో చూడవచ్చు. భాష ఫ్రెంచి కనుక ఉపశీర్షికలతో చూడవలసి ఉంటుంది. దోపిడీ మొదలైన తరువాత మాత్రం అరగంటసేపు వాటి అవసరం కూడా రాదు.